పాస్‌పోర్ట్ కొత్తది, ఓసీఐ కార్డు పాతది: ఇండియా ప్రయాణానికి ముందు ఏం చేయాలి

గడువు తీరిన విదేశీ పాస్‌పోర్ట్ స్థానంలో కొత్తది వచ్చిందంటే నంబర్ మారుతుంది. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, ముఖ్యంగా భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే హోదా) కార్డులో మాత్రం అది తీసుకున్ననాటి పాస్‌పోర్ట్ నంబరే అచ్చయి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడగానే గుండె గుభేలుమంటుంది. టికెట్లు కొనేశాక ఈ తేడా కనబడితే మరీను. ఓసీఐ హోదా జీవితాంతం ఉండేదే, పాస్‌పోర్ట్ గడువుతో పాటు అది పోదు. అయితే కొత్త పాస్‌పోర్ట్ వచ్చాక కొందరు ఏమీ చేయనక్కర్లేదు, కొందరు ఆన్‌లైన్‌లో పత్రాలు అప్‌లోడ్ చేయాలి, కొందరు కార్డునే మళ్లీ ముద్రింపించుకోవాలి, అంటే రీఇష్యూ. మీరు ఈ మూడింటిలో ఎక్కడ ఉన్నారో తేల్చుకోవడమే అసలు పని. ఎక్కువమంది తప్పటడుగు వేసేది కూడా ఇక్కడే: అవసరం లేకుండానే రీఇష్యూకి డబ్బు కట్టేవాళ్లు కొందరైతే, అవసరమైన రీఇష్యూని వదిలేసి కౌంటర్ దగ్గర ఇరుక్కునేవాళ్లు ఇంకొందరు.

పాత సలహాలను పట్టుకుని వెళ్లొద్దు

బంధువులు, స్నేహితులు చెప్పే మాటల్లో చాలావరకు 2021కి ముందటివి. అప్పట్లో 20 ఏళ్లలోపు పిల్లలకు పాస్‌పోర్ట్ మారిన ప్రతిసారీ ఓసీఐ రీఇష్యూ చేయించాల్సి వచ్చేది. 50 దాటాక ఇంకోసారి. ఆ రీఇష్యూ అయ్యేదాకా పాత పాస్‌పోర్ట్ కూడా వెంట తీసుకెళ్లాలనేవారు. 2021 మార్చిలో పాత పాస్‌పోర్ట్ మోయాల్సిన నిబంధనను ఎత్తేశారు. అదే ఏడాది ఏప్రిల్ 15న కేంద్ర హోం శాఖ రీఇష్యూ నిబంధనను బాగా సడలించింది. ఇప్పుడు లెక్కలోకి వచ్చేది ఆ సడలింపే.

ఇంకా పాతకాలపు సంగతి ఒకటుంది. మొదట్లో ఓసీఐ ఇచ్చినవాళ్లకు చిన్న పుస్తకంతో పాటు పాస్‌పోర్ట్‌లో ‘యూ’ వీసా స్టిక్కర్ అంటించేవారు. ఆ స్టిక్కర్ పాత పాస్‌పోర్ట్‌లో ఉండిపోయిందని ఇప్పటికీ కంగారుపడేవాళ్లు ఉన్నారు. ఆ స్టిక్కర్ ఇక అక్కర్లేదు, ఓసీఐ పుస్తకం ఉంటే చాలు.

మొదటి పని: మీ లెక్క తేల్చుకోండి

చేతిలో మూడు తేదీలు పెట్టుకోండి: పుట్టిన తేదీ, ఓసీఐ ఇచ్చిన తేదీ, కొత్త పాస్‌పోర్ట్ ఇచ్చిన తేదీ. గడువు తీరే తేదీతో ఇక్కడ పని లేదు. ఆ పాస్‌పోర్ట్ ఇచ్చిన రోజున మీ వయసు ఎంత అన్నదే ప్రశ్న.

20 ఏళ్లు నిండాక మొదటిసారి ఓసీఐ తీసుకున్నవాళ్లకు రీఇష్యూ అవసరం లేదు. 35 ఏళ్లకు ఓసీఐ తీసుకుని, 44 ఏళ్లకు పాస్‌పోర్ట్ మార్చుకున్నారనుకుందాం. చేయాల్సింది ఏమీ లేదు. కొత్త పాస్‌పోర్ట్, పాత నంబర్ ఉన్న ఓసీఐ కార్డు పట్టుకుని నేరుగా విమానం ఎక్కొచ్చు. విదేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లలో ఎక్కువమంది ఈ కోవలోకే వస్తారు. వీళ్లకు రీఇష్యూ ‘చేయించుకుంటే మంచిది’ అని ఎవరైనా అంటే వినకండి. వారాల తరబడి కార్డు చేతిలో లేకుండా పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

20 ఏళ్లలోపు పిల్లలకు పాస్‌పోర్ట్ మారిన ప్రతిసారీ కొత్త పాస్‌పోర్ట్ కాపీ, తాజా ఫొటో ఓసీఐ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి. కార్డు మాత్రం పాతదే ఉంటుంది. పాస్‌పోర్ట్ అందిన 3 నెలల్లోపు ఈ పని చేయాలి.

చిన్నప్పుడు ఓసీఐ తీసుకున్నవాళ్లు 20 నిండిన తర్వాత మొదటిసారి కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్నప్పుడు ఒక్కసారి రీఇష్యూ చేయించాలి. పెద్దయ్యాక ముఖం ఒక రూపానికి వస్తుంది కాబట్టి ఆ ముఖంతో ఒక కార్డు ఉండాలన్నది ఉద్దేశం. ఆ ఒక్కసారి అయిపోయాక మళ్లీ రీఇష్యూ గొడవ లేదు.

50 నిండాక కొత్త పాస్‌పోర్ట్ తీసుకుంటే ఒక్కసారి అప్‌లోడ్. ఓసీఐనే 50 దాటాక తీసుకున్న పెద్దవాళ్లు ‘మాకు వర్తిస్తుందా?’ అని తర్జనభర్జన పడుతుంటారు. రుసుము లేని పని, కూర్చుంటే అరగంట. తర్వాతి పాస్‌పోర్ట్ రాగానే చేసేసి ఆ రసీదు దాచుకోవడమే మేలు.

భారతీయ పౌరుల లేదా ఓసీఐ కార్డుదారుల భార్య లేక భర్త హోదాలో ఓసీఐ పొందిన విదేశీ మూలాలవాళ్లకు నియమం వేరు. వయసు ఎంతైనా సరే, పాస్‌పోర్ట్ మారిన ప్రతిసారీ కొత్త పాస్‌పోర్ట్ కాపీ, ఫొటో, వాటితో పాటు వివాహ బంధం కొనసాగుతోందని చెప్పే డిక్లరేషన్ అప్‌లోడ్ చేయాలి. దీనికీ 3 నెలల గడువే. పైన చెప్పిన ‘చేయాల్సింది ఏమీ లేదు’ అన్న మాట వీళ్లకు వర్తించదు. ఒకే ఇంట్లో ఒకరికి ఒక నియమం, ఇంకొకరికి ఇంకో నియమం ఉండేది ఇందుకే.

వయసుతో సంబంధం లేని సందర్భం ఇంకొకటి ఉంది. కొత్త పాస్‌పోర్ట్‌లో పేరు మారినా, పుట్టిన తేదీ వంటి వివరం సరిదిద్దినా, అసలు పౌరసత్వమే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారినా అప్‌లోడ్‌తో సరిపోదు. వివరాల మార్పు కింద రీఇష్యూకి వెళ్లాలి. తెలుగువాళ్ల విషయంలో ఇది తరచూ ఎదురవుతుంది: పాత పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి కొత్తదానిలో పూర్తిగా విడమరిచి రాయించుకోవడం, ఇంటిపేరు ముందుదల్లా చివరికి రావడం, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు చేరడం. ఇవన్నీ మనకు ఒకే మనిషి పేరులా కనిపిస్తాయి. ఎయిర్‌లైన్ సిబ్బందికి అవి వేర్వేరు పేర్లు. పాస్‌పోర్ట్ రెన్యువల్ దరఖాస్తు నింపుతున్నప్పుడే ఇది గుర్తుంటే మంచిది. ప్రయాణం దగ్గర్లో ఉంటే పేరు సవరణ ఈసారికి పక్కన పెట్టి, ఉన్న పేరుతోనే రెన్యూ చేయించుకోవడం తెలివైన పని.

పిల్లల విషయంలో ఒక ఉదాహరణ

ఈ వయసు లెక్క కాగితం మీద వేసుకుంటేనే స్పష్టమవుతుంది. అమెరికాలో 16 ఏళ్లలోపు పిల్లలకు పాస్‌పోర్ట్ 5 ఏళ్లకే ఇస్తారు, 16 నిండితే 10 ఏళ్లకు ఇస్తారు. 2008లో పుట్టి, పసితనంలోనే ఓసీఐ తీసుకున్న అమ్మాయి ఉందనుకోండి. 2024లో 16 నిండాక పదేళ్ల పాస్‌పోర్ట్ వచ్చింది. అప్పుడు అప్‌లోడ్ చేయాలి. 2028లో ఆమెకు 20 నిండుతాయి. ఆ పుట్టినరోజున చేయాల్సింది ఏమీ లేదు, ఎందుకంటే పాస్‌పోర్ట్ మారలేదు. 2034లో 26 ఏళ్ల వయసులో కొత్త పాస్‌పోర్ట్ వస్తుంది. అప్పుడు రీఇష్యూ, అదొక్కటే. 2044, 2054లో పాస్‌పోర్ట్‌లు మారినా ఓసీఐ జోలికి వెళ్లనక్కర్లేదు. 2064లో 56 ఏళ్లకు మారినప్పుడు ఒక్క అప్‌లోడ్.

16వ పుట్టినరోజుకు కొద్దిగా ముందు రెన్యూ చేస్తే వచ్చేది ఐదేళ్ల పాస్‌పోర్టే. అది 20 దాటాక, 21 నిండేలోపే తీరిపోతుంది. తర్వాతి పాస్‌పోర్ట్ 20వ పుట్టినరోజుకు ముందు జారీ అయితే అప్‌లోడ్‌తో పోతుంది, తర్వాత జారీ అయితే రీఇష్యూ పడుతుంది. కాలేజీ సెలవుల్లో ఇండియా వెళ్లే పిల్లలకు ఈ నాలుగైదు నెలల తేడా చాలా పెద్దది. కాబట్టి 19 నడుస్తుండగానే పాస్‌పోర్ట్ గడువు ఒకసారి చూసి పెట్టుకోండి.

అప్‌లోడ్ ఎలా చేయాలి

ముందు కొత్త పాస్‌పోర్ట్ మీద సంతకం చేయండి. సంతకం లేని అమెరికా పాస్‌పోర్ట్ చెల్లదు. అంతా సిద్ధం చేసుకుని, స్కాన్ కూడా చేశాక ఆ గీత ఖాళీగా ఉందని గమనించేవాళ్లు ఎందరో. సంతకం చేయలేని పసిపిల్లల పాస్‌పోర్ట్‌లో పిల్లల పేరు రాసి, దాని పక్కన తల్లో తండ్రో సంతకం చేసి బంధుత్వం రాయాలి.

తర్వాత ఫొటో ఉన్న పేజీని స్కాన్ చేయండి. అడుగున బాణం గుర్తులతో రెండు వరుసల అక్షరాలు ఉంటాయి కదా, ఒక్కో వరుసలో 44 అక్షరాలు. అవి చివరిదాకా పడాలి. ఫోన్‌తో తీస్తే ప్లాస్టిక్ పూత మీద లైటు మెరిసి సరిగ్గా నంబర్ మీదే తెల్లమచ్చ పడుతుంది. కిటికీ దగ్గర పగటి వెలుగులో, ఫ్లాష్ ఆపేసి తీయండి, లేదా స్కానర్ వాడండి. ఫోన్ ఫొటో చాలా మెగాబైట్లు ఉంటుంది, పోర్టల్ అంత పెద్ద ఫైలు తీసుకోదు. స్క్రీన్ మీద చూపించే పరిమితికి లోబడేలా కుదించండి. కుదించాక ఒకసారి పెద్దది చేసి చూడండి: నంబర్, తేదీలు మీ కంటికి చదవడానికి కష్టంగా ఉంటే అటువైపు అధికారికీ అంతే.

ఫొటో చతురస్రంగా ఉండాలి, అంటే పొడవు వెడల్పులు సమానంగా. సంతకం బొమ్మ అడిగితే అది వెడల్పు మూడింతలు, ఎత్తు ఒక వంతు ఉండేలా కత్తిరించాలి. చిన్నపిల్లలు సంతకం పెట్టలేకపోతే వాళ్ల బొటనవేలి ముద్ర వేయించాలి, తల్లిదండ్రులు తమ సంతకం పెట్టకూడదు. వెనకాల రంగు ఎలా ఉండాలి, ఫైలు ఎంత సైజు ఉండాలి అన్న సూచనలు పోర్టల్‌లో అప్‌లోడ్ బటన్ దగ్గరే రాసి ఉంటాయి. పాస్‌పోర్ట్ కోసం తీయించిన ఫొటోనే కళ్లు మూసుకుని పెట్టేయకుండా వాటిని చదవండి.

ఇప్పుడు పోర్టల్. అసలు చిరునామా ఓసీఐసర్వీసెస్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర ‘గవ్ డాట్ ఇన్’ లేని ఏ సైటూ అసలు పోర్టల్ కాదు. ఈ అప్‌లోడ్‌కి ప్రభుత్వం పైసా తీసుకోదు. కాబట్టి కార్డు వివరాలు అడిగి డబ్బు కట్టమన్న చోట మీరు తప్పు సైటులో ఉన్నట్టే.

లోపలికి వెళ్లాక మామూలుగా కొత్తగా ఓసీఐకి దరఖాస్తు చేసే దారిలో వెళ్లకండి. ఇప్పటికే కార్డు ఉన్నవాళ్లకు ఇచ్చే ఇతర సేవల భాగంలో, కొత్త పాస్‌పోర్ట్ కాపీ, ఫొటో అప్‌లోడ్ చేసే ఉచిత సేవను ఎంచుకోండి. దాని పక్కనే రీఇష్యూ సేవ కూడా ఉంటుంది. తొందరలో అది నొక్కితే ఫారమ్ అంతా నింపాక చివర్లో అపాయింట్‌మెంట్, రుసుము అంటూ వస్తుంది. అలా వస్తే వెనక్కి వచ్చేయండి.

ఓసీఐ పుస్తకంలో రెండు నంబర్లు ఉంటాయి: రిజిస్ట్రేషన్ నంబర్ ఒకటి, ఫైల్ నంబర్ ఒకటి. పోర్టల్ అడిగేది ఏదో చూసి అదే ఇవ్వండి. పాస్‌పోర్ట్ నంబర్ అడిగినప్పుడు మొదటి స్క్రీన్‌లో ఇవ్వాల్సింది ఓసీఐ కార్డులో అచ్చయిన పాత నంబర్. దానితోనే మీ రికార్డు దొరుకుతుంది. కొత్త నంబర్ తర్వాతి స్క్రీన్‌లో వస్తుంది. ‘రికార్డు లేదు’ అన్న సందేశం చూసి బెంబేలెత్తేవాళ్లలో చాలామంది ఇక్కడ కొత్త నంబర్ కొట్టినవాళ్లే.

కొత్త వివరాలు నింపేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, సున్నాకీ ‘ఓ’ అక్షరానికీ తేడా. కొత్త తరహా అమెరికా పాస్‌పోర్ట్ నంబర్ ఒక అక్షరంతో మొదలై తర్వాత 8 అంకెలతో ఉంటుంది, అంటే అక్షరం తర్వాత కనిపించే గుండ్రనిది సున్నానే. రెండోది తేదీ. పోర్టల్‌లో ముందు రోజు, తర్వాత నెల, తర్వాత సంవత్సరం. అమెరికా అలవాటుతో ముందు నెల రాస్తే మార్చి 5 కాస్తా మే 3 అవుతుంది. రెండూ చెల్లే తేదీలే కాబట్టి కంప్యూటర్ పట్టుకోదు. 12 దాటిన రోజుల్లో మాత్రమే తప్పు బయటపడుతుంది.

సమర్పించాక వచ్చే రసీదును పీడీఎఫ్‌గా దాచుకుని, ఒక ప్రింటు తీయండి. వివరాలు రికార్డులోకి ఎక్కాక ఈమెయిల్ వస్తుంది. స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తుండండి. ఈ మధ్యకాలంలో ప్రయాణం ఆపుకోనక్కర్లేదు: కొత్త పాస్‌పోర్ట్ ఇచ్చిన తేదీ నుంచి ఆ చివరి అంగీకారం వచ్చేదాకా ఇండియా రాకపోకలకు ఎలాంటి ఆంక్షా లేదని హోం శాఖ 2021 ప్రకటనలోనే స్పష్టంగా ఉంది. రసీదు వెంట ఉంచుకోండి, చాలు.

రీఇష్యూ పడితే

ఇది ఆన్‌లైన్‌తో అయ్యే పని కాదు. ఫారమ్ ఆ పోర్టల్‌లోనే నింపి, పత్రాలు మీరు ఉంటున్న ప్రాంతం ఏ భారత ఎంబసీ లేదా కాన్సులేట్ పరిధిలోకి వస్తుందో అక్కడికి, లేదా వాళ్ల తరఫున దరఖాస్తులు తీసుకునే కేంద్రానికి పంపాలి. అమెరికాలో ఆ పని వీఎఫ్ఎస్ గ్లోబల్ చూస్తోంది. పాస్‌పోర్ట్ మార్పు వల్ల చేసే రీఇష్యూకి ప్రభుత్వ రుసుము 25 డాలర్లు, ఇండియాలో ఉండి ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం) ద్వారా చేయిస్తే 1400 రూపాయలు. కేంద్రం సర్వీసు చార్జీ, కొరియర్ ఖర్చు అదనం. కార్డు పోయినా పాడైనా వేసే దరఖాస్తు వేరు, దానికి 100 డాలర్లు. కాబట్టి ఇల్లంతా వెతికాకే ‘పోయింది’ అని రాయండి.

కొత్త పాస్‌పోర్ట్, పాత పాస్‌పోర్ట్, ఓసీఐ పుస్తకం కాపీలు, చిరునామా రుజువు, ఫొటో అన్నవి ఎటూ అడుగుతారు. మిగతావి ఆ కేంద్రం ఇచ్చే చెక్‌లిస్ట్ ప్రకారం. దరఖాస్తులు వెనక్కి వచ్చే కారణాల్లో చిరునామా రుజువు ఒకటి: ఇల్లు మారి, డ్రైవింగ్ లైసెన్స్‌లో పాత రాష్ట్రం ఉండిపోతే పరిధే మారిపోతుంది. లైసెన్స్ మార్చుకున్నాకే పంపండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది, అసలు ఓసీఐ కార్డును దరఖాస్తుతోనే పంపమంటున్నారా, కొత్తది ఇచ్చేటప్పుడు తీసుకుంటారా అన్నది. దరఖాస్తుతోనే పంపాలంటే, కొత్తది వచ్చేదాకా మీరు ఇండియాకు వెళ్లే దారి మూసుకున్నట్టే. ప్రయాణానికి మూడు నాలుగు నెలల ముందైతే నిశ్చింతగా పంపొచ్చు. నెల రోజులే ఉంటే పంపే ముందు కాన్సులేట్‌కి ఈమెయిల్ రాసి, 20 తర్వాత రీఇష్యూ బాకీ ఉన్న కార్డుతో ఈ ఒక్క ప్రయాణం గురించి అడిగి, వాళ్ల జవాబు ప్రింటు తీసి పెట్టుకోండి. నోటిమాట మీద విమానాశ్రయానికి వెళ్లొద్దు.

టికెట్, చెక్-ఇన్

టికెట్ కొన్న తర్వాత పాస్‌పోర్ట్ మారితే, ఎయిర్‌లైన్ సైటులో మీ బుకింగ్ తెరిచి ప్రయాణికుల వివరాల్లో కొత్త నంబర్, గడువు తేదీ పెట్టండి. ఎయిర్‌లైన్ ఖాతాలో పాత పాస్‌పోర్ట్ ఎప్పుడో దాచి ఉంటే అది తనంతట తాను వచ్చి కూర్చుంటుంది. దాన్ని తుడిచేయండి. టికెట్ మీద పేరు కొత్త పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి.

అమెరికాలో పాస్‌పోర్ట్ ఆన్‌లైన్‌లో రెన్యూ చేస్తుంటే ఇంకో జాగ్రత్త: దరఖాస్తు సమర్పించాక పాతదాన్ని రద్దు చేసేస్తారు, అది మీ చేతిలోనే ఉన్నా సరే. కొత్తది ఇంటికి వచ్చేలోపు ప్రయాణం ఉంటే ఆ దారి ఎంచుకోకండి. తపాలాలో పంపితే పాతది తిరిగి వస్తుంది గానీ వేరే కవర్లో, కొత్తదాని కన్నా ఆలస్యంగా.

పాత పాస్‌పోర్ట్ తీసుకెళ్లడం తప్పనిసరి కాదు. అయినా అందుబాటులో ఉంటే బ్యాగులో వేసుకోండి. దాని బరువెంత! ఓసీఐలోని నంబర్ ఎక్కడిదని ఎవరైనా అడిగితే అది చూపించగానే మాట అక్కడితో ఆగిపోతుంది.

ఇండియాలో ఇమిగ్రేషన్ అధికారులకు ఈ నిబంధన రోజూ చూసేదే. ఇబ్బంది వచ్చేది బయల్దేరే చోట, ఓసీఐ కార్డులు అరుదుగా కనబడే చిన్న విమానాశ్రయాల్లో. సరైన పత్రాలు లేని ప్రయాణికులను తీసుకొస్తే విమాన సంస్థకే జరిమానా పడుతుంది, కాబట్టి కౌంటర్‌లోని మనిషి రెండు నంబర్లు కలవకపోతే ఆగిపోవడం సహజం. గొంతు పెంచకండి. ఎయిర్‌లైన్‌లు వాడే టైమాటిక్ డేటాబేస్‌లో ఓసీఐ నిబంధన చూడమని, అవసరమైతే సూపర్‌వైజర్‌ని పిలవమని మర్యాదగా అడగండి. పసిపాప ఫొటో ఉన్న కార్డుతో పద్నాలుగేళ్ల పిల్లవాడు నిలబడితే ప్రశ్న తప్పకుండా వస్తుంది. అప్‌లోడ్ రసీదు, అంగీకార ఈమెయిల్ ప్రింట్లు అక్కడ అక్కరకొస్తాయి. ఆన్‌లైన్ చెక్-ఇన్ ‘పత్రాలు కౌంటర్‌లో చూపించండి’ అని ఆగిపోవడం మామూలే, కాబట్టి కనీసం మూడు గంటల ముందు చేరుకోండి.

ఓసీఐ అసలు కార్డు చేతి బ్యాగులోనే ఉండాలి. జిరాక్స్ కాపీ, ఫోన్‌లో ఫొటో చెల్లవు. సూట్‌కేసులో పెట్టి బెల్టు మీద పంపేశాక గుర్తొస్తే బోర్డింగ్ పాస్ చేతికి రాదు.

హైదరాబాద్ శంషాబాద్‌లో ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ గేట్లు వాడేవాళ్లు ఒకటి గమనించాలి. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై 2025 జనవరిలో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వంటి చోట్లకు వచ్చిన ఈ పథకం ఓసీఐ కార్డుదారులకూ వర్తిస్తుంది. కానీ నమోదు గరిష్ఠంగా 5 ఏళ్లు లేదా పాస్‌పోర్ట్ గడువు, ఏది ముందైతే అంతవరకే. పాస్‌పోర్ట్ మారితే ఆ నమోదు మళ్లీ చూసుకోవాలి. ఆ పని కాకపోతే మామూలు వరుసలో నిలబడటమే, ప్రవేశానికి అడ్డేమీ ఉండదు.

కుటుంబంలో ఓసీఐ లేనివాళ్లుంటే

వాళ్ల నిబంధన దీనికి పూర్తిగా వేరు, కలిపి ఆలోచించకండి. ఈ-వీసా పాత పాస్‌పోర్ట్ మీద మంజూరై ఉండగా కొత్తది తీసుకుంటే, కొత్తదానితో ప్రవేశం ఇస్తారు గానీ పాత పాస్‌పోర్ట్ వెంట ఉండి తీరాలి. స్టిక్కర్ రూపంలో ఉన్న దీర్ఘకాల వీసా కూడా పాత పుస్తకంలోనే ఉంటుంది కాబట్టి రెండూ మోయాలి. ‘పాత పాస్‌పోర్ట్ అక్కర్లేదు’ అన్న సడలింపు ఓసీఐ వాళ్లకే. ఒకే ఇంట్లో నలుగురు వెళ్తుంటే ఈ మాట అందరికీ వర్తింపజేసి, వీసా మీద వెళ్లేవాళ్ల పుస్తకం ఇంట్లో వదిలేయడం జరుగుతుంటుంది.

ఇంకా పీఐఓ కార్డే (భారత సంతతివాళ్లకు గతంలో ఇచ్చిన కార్డు) ఉన్నవాళ్లు పాస్‌పోర్ట్ మార్చుకునే ఈ సమయంలోనే ఓసీఐకి మారిపోవాలి. పీఐఓ పథకాన్ని 2015 జనవరి 9న ఓసీఐలో కలిపేశారు. చేతిరాతతో ఉన్న పీఐఓ కార్డు పట్టుకుని విమానాశ్రయానికి వెళ్లడం అసలు వద్దు.

ఇండియాలో ఉండగానే పాస్‌పోర్ట్ మారితే

గడువు దగ్గరపడి హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లోనో, ఇంకెక్కడో కొత్తది తీసుకునేవాళ్లు ఉంటారు. మీరు దేశంలోకి వచ్చినప్పుడు వేసిన ముద్ర పాత పుస్తకంలో ఉంటుంది, బయటికి వెళ్లేది కొత్తదానితో. ఈ ఒక్క సందర్భంలో పాత పాస్‌పోర్ట్‌ను కచ్చితంగా వెంట పెట్టుకుని ఎగ్జిట్ కౌంటర్‌లో రెండూ కలిపి ఇవ్వండి. పాతది పోయి కొత్తది తీసుకుని ఉంటే పోలీసు ఫిర్యాదు కాపీ, వచ్చిననాటి బోర్డింగ్ పాస్ దగ్గర ఉంచుకోండి. అప్‌లోడ్ బాధ్యత ఉన్నవాళ్లు ఇండియాలో కూర్చునే ఆ పోర్టల్‌లో చేసుకోవచ్చు, తిరిగి వెళ్లేదాకా ఆగనక్కర్లేదు. వీసా మీద వచ్చినవాళ్లు మాత్రం బయల్దేరే ముందు ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ పోర్టల్‌లో వీసాను కొత్త పాస్‌పోర్ట్‌కి మార్పించుకోవాలి. దానికి కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి తిరుగు టికెట్ తేదీ చూసుకుని ముందుగానే దరఖాస్తు పెట్టండి.